ట్రాక్ డే కారుకు ఏ అప్‌గ్రేడ్ ముందు? మీ బ్రేక్ పెడల్ ఇప్పటికే చెప్పేసింది

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను, జవాబు సగం అందులోనే ఉంది కాబట్టి. మీది వెనక చక్రాలకు పవర్ వెళ్లే టర్బో కూపే. సుమారు 300 హార్స్‌పవర్, మీతో కలిపి 1,500 కిలోల దాకా బరువు. రోజూ రోడ్డు మీద తిరుగుతుంది, అప్పుడప్పుడు ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి, వెళ్తుంది. ఈ ఏడాది అప్‌గ్రేడ్ల కోసం కొంత డబ్బు పక్కన పెట్టారు. రీమ్యాప్ (పవర్ పెంచేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చడం), ఎగ్జాస్ట్, కాయిల్‌ఓవర్లు (ఎత్తు సర్దుకోగల సస్పెన్షన్), పెద్ద బ్రేక్ కిట్, సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువున్న, పట్టు ఎక్కువున్న ట్రాక్ టైర్లు), వీటిలో ఏది ముందు కొనాలని అడిగారు. చివర్లో, అంత పెద్ద విషయం కానట్టు ఒక మాట రాశారు: సెషన్ ఆఖరి ల్యాపుల్లో బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతోందని, కాసేపు ఆగితే మళ్లీ మామూలైపోతోందని.

ఆ మాటే అన్నిటికంటే ముఖ్యం. మీ బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవం, మరుగుతోంది. దాన్ని సరిచేయకుండా దయచేసి మళ్లీ ట్రాక్ మీదకి వెళ్లకండి. ఇప్పటిదాకా పెడల్ మెత్తబడటంతో ఆగింది. ఇంకో రెండు ల్యాపులు అదే ఊపులో వెళ్తే పెడల్ నేలకు తగులుతుంది, అది కూడా స్ట్రెయిట్ చివర, కారు అన్నిటికంటే ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు.

అప్‌గ్రేడ్ల గురించి ఎవరు అడిగినా నేను చెప్పే పద్ధతి ఒకటే. సెషన్‌లో ముందుగా ఏది చేతులెత్తేస్తోందో చూడండి, డబ్బు దాని మీద పెట్టండి. తర్వాత రెండోది ఏది చేతులెత్తేస్తుందో చూడండి. ఇరవై నిమిషాల సెషన్‌లో ఆఖరి ల్యాప్‌ను మొదటి ల్యాప్ అంత నమ్మకంగా నడపగలిగిన రోజున వేగం పెంచే సామాన్ల గురించి ఆలోచించవచ్చు. పవర్ అన్నిటికంటే చివర రావాలనేది కూడా ఇందుకే. పవర్ పెంచిన ప్రతిసారీ బ్రేకులు, టైర్లు, ఆయిల్, కూలింగ్, అన్నిటి మీదా భారం పెరుగుతుంది. మిగతా అప్‌గ్రేడ్లు భారాన్ని మోసేవి, ఇది మోపేది.

కొంచెం లెక్క చూద్దాం. 1,500 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దిగాలంటే సుమారు 19 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. దాదాపు ఆరు లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా తేవడానికి సరిపోయే వేడి అది. గట్టిగా బ్రేక్ వేస్తే ఇదంతా మూడున్నర, నాలుగు సెకన్లలో జరిగిపోతుంది. గాలి కొంత పంచుకున్నా మిగిలినదంతా డిస్కుల్లోకే వెళ్తుంది, అందులోనూ ఎక్కువ వాటా ముందు రెండింటిదే. తర్వాతి మలుపు దగ్గర మళ్లీ ఇదే కథ. ఇప్పుడు రీమ్యాప్ చేయించి, స్ట్రెయిట్ చివర 200కి బదులు 210 అందుకున్నారనుకోండి. వేగం పెరిగింది 5 శాతమే. కానీ అదే 80కి దిగడానికి బ్రేకులు మింగాల్సిన వేడి సుమారు 12 శాతం పెరుగుతుంది. పైగా స్ట్రెయిట్ తొందరగా అయిపోతుంది కాబట్టి చల్లారడానికి దొరికే టైమ్ తగ్గుతుంది. ఇప్పటికే ఫ్లూయిడ్ మరుగుతున్న కారుకు రీమ్యాప్ చేయించడం అంటే ఇదన్నమాట.

బ్రేక్ ఫ్లూయిడ్ దగ్గర కాసేపు ఆగుదాం. మామూలు గ్లైకాల్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలు. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. అంటే రెండేళ్లుగా మార్చని ఫ్లూయిడ్‌తో ట్రాక్‌కి వెళ్తే, సీసా మీద రాసిన అంకెకు చాలా దిగువనే మరగడం మొదలవుతుంది. మరిగినప్పుడు లైన్లలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే పోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, అందుకే పెడల్ బాగైనట్టు అనిపిస్తుంది. నిజానికి బాగైందేమీ లేదు.

రేసింగ్ ఫ్లూయిడ్లలో 300 డిగ్రీలు దాటినా మరగనివి దొరుకుతాయి. మీకు కావలసింది అలాంటిదే. పాత ఫ్లూయిడ్ మొత్తం తీసేసి కొత్తది నింపించండి, ప్రతి ట్రాక్ డేకి ముందు నాలుగు కాలిపర్లనూ (ప్యాడ్లను డిస్క్‌కి అదిమే భాగాలు) బ్లీడ్ చేయించండి, అంటే లోపలి గాలి బుడగలు తీయించండి, ఏడాదికి కనీసం ఒకసారి పూర్తిగా మార్చండి. తెరిచి నెలల తరబడి అల్మారాలో ఉంచిన సీసాను వాడొద్దు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. డాట్ 5 అని ఉంటే అది సిలికాన్ ఫ్లూయిడ్, డాట్ 5.1తో దానికి సంబంధం లేదు. ఈ రెండింటినీ కలపకూడదు, ఏబీఎస్ ఉన్న కారుకు డాట్ 5 పనికిరాదు.

ఇక ప్యాడ్లు. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకపోతే అది ప్యాడ్ల వేడి సమస్య, ఫ్లూయిడ్‌ది కాదు. మీకు ఇప్పుడు ఫ్లూయిడ్ సమస్య కనిపిస్తోంది. కానీ ఫ్లూయిడ్ బాగుచేయగానే రెండోది బయటపడే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే రోడ్డు ప్యాడ్లు సాధారణంగా 350, 400 డిగ్రీల దగ్గర పట్టు కోల్పోవడం మొదలుపెడతాయి. ట్రాక్ కోసం చేసినవి 600 దాటినా పనిచేస్తాయి. అందుకే ఈ రెండూ ఒకేసారి చేయించమంటాను. ట్రాక్ ప్యాడ్లతో ఇబ్బందులూ ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు మొదటి పట్టు తక్కువ, కీచుమంటాయి, దుమ్ము ఎక్కువ, డిస్కుల్ని త్వరగా అరగదీస్తాయి. మీరు రోజూ నడిపే కారు కాబట్టి రెండు దారులున్నాయి. రోడ్డుకీ తేలికపాటి ట్రాక్ వాడకానికీ మధ్యస్థంగా ఉండే ప్యాడ్లు ఒకటి. లేదా ట్రాక్ డే ముందు రోజు ట్రాక్ ప్యాడ్లు వేసి, తర్వాత మళ్లీ రోడ్డువి వేసుకోవడం. 1,500 కిలోల, 300 హార్స్‌పవర్ కారుకు నా ఓటు రెండోదానికే. మధ్యస్థం ప్యాడ్లు మీ వేగం పెరిగేకొద్దీ చాలకుండా పోతాయి. ప్యాడ్లు మార్చడం నేర్చుకుంటే గంట పని, అలా మార్చినప్పుడల్లా డిస్క్, కాలిపర్, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) మీ కళ్లతో మీరే చూసుకున్నట్టూ ఉంటుంది.

ముందు, వెనక ప్యాడ్లు ఒకే కుటుంబానివి వేయండి. వెనక మరీ చురుకైన ప్యాడ్ వేస్తే మలుపులోకి బ్రేక్ వేస్తూ దిగేటప్పుడు వెనక భాగం కదిలిపోతుంది. కొత్త ప్యాడ్లను తయారీదారు చెప్పిన పద్ధతిలో బెడ్డింగ్ చేయాలి, అంటే క్రమంగా వేడెక్కించి, డిస్క్ మీద ప్యాడ్ పదార్థం సమానంగా పరుచుకునేలా చేయాలి. ఇంకో మాట. ప్యాడ్ సగం అరిగాక వేడి కాలిపర్ పిస్టన్‌కీ, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కీ తొందరగా చేరుతుంది. రోడ్డు మీద ఇంకా చాలాకాలం వచ్చే ప్యాడ్ కూడా ట్రాక్‌కి పనికిరాదు. సగం దాటితే మార్చేయండి.

వెనక ప్యాడ్లు ముందువాటికంటే త్వరగా అరుగుతున్నాయా? చూసి తెలుసుకోండి. చాలా కార్లలో స్టెబిలిటీ కంట్రోల్, లోపలి చక్రం తిరగకుండా ఆపే వ్యవస్థ, రెండూ వెనక బ్రేకుల్ని వాడుకుంటాయి. మీకు తెలియకుండానే ల్యాప్ అంతా వెనక బ్రేకులు పడుతూ వేడెక్కుతుంటాయి. అలాగని ఆ వ్యవస్థను ఆపేయమనడం లేదు. స్పోర్ట్ మోడ్‌లో ఉంచి, డాష్‌బోర్డు మీద ఆ లైట్ వెలగకుండా నడపడం లక్ష్యంగా పెట్టుకోండి. అది మంచి సాధన.

పెద్ద బ్రేక్ కిట్ మీద మీకు బాగా మనసున్నట్టుంది. ఒక్కసారి గట్టిగా బ్రేక్ వేసినప్పుడు కారు ఎంత దూరంలో ఆగుతుందో నిర్ణయించేది టైర్ల పట్టు. మీ ఇప్పటి బ్రేకులు ఏబీఎస్ పనిచేసేంత బలంగా పట్టగలుగుతున్నాయంటే, ఆ ఒక్కసారికి పెద్ద కిట్ వల్ల దూరం తగ్గదు. పెద్ద డిస్క్ వేడిని ఎక్కువ మోస్తుంది, త్వరగా వదిలిస్తుంది, ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. నిజమైన లాభం అదే. కాబట్టి ఫ్లూయిడ్, ప్యాడ్లు, గాలి దారి సరిచేసుకున్నాక కూడా డిస్కులు వేడి తట్టుకోలేకపోతే అప్పుడు కొనాల్సిన వస్తువు అది. కొన్నా, మీ కారు కోసమే లెక్కవేసి తయారుచేసిన కిట్ కావాలి. ముందు పిస్టన్లు మరీ పెద్దవైతే బ్రేకింగ్ అంతా ముందుకు జరిగి, వెనక చక్రాలు పనిచేయకుండా పోతాయి. అలా ఖరీదైన కిట్ వేసుకున్నాక ఆగే దూరం పెరిగిన కార్లను చూశాను.

దానికి ముందు చేయదగిన చవక పని గాలి దారి. ముందు బంపర్ నుంచి గొట్టం ద్వారా గాలిని డిస్క్ మధ్య భాగానికి చేర్చాలి. అక్కడి నుంచి అది డిస్క్ లోపలి రెక్కల గుండా బయటికి వస్తుంది. డిస్క్ పైపైన గాలి ఊదితే ఒక ముఖమే చల్లారుతుంది. డిస్కుల విషయంలో, రంధ్రాలు పెట్టినవి ట్రాక్‌కి వద్దు, వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. సాదావి గానీ గాడులున్నవి గానీ వాడండి. పైపైన సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు వస్తే భయం లేదు. పగులు అంచుదాకా చేరినా, గోరు దిగేంత లోతైనా, డిస్క్ మీద ముద్రించిన కనిష్ఠ మందం కంటే పలచబడినా పారేయాల్సిందే.

టైర్ల దగ్గరికి వద్దాం. ల్యాప్ టైమ్ తగ్గించడంలో ఏ ఒక్క వస్తువూ టైర్లకు సాటి రాదు, ఇందులో రెండో మాట లేదు. అయినా ఈ ఏడాది సెమీ స్లిక్‌లు వద్దంటాను. మంచి రోడ్డు టైర్ పట్టు వదిలే ముందు కీచుమంటుంది, మెల్లగా జారుతుంది, మీకు సర్దుకునే టైమ్ ఇస్తుంది. సెమీ స్లిక్ హద్దు చాలా పైన ఉంటుంది, దాటితే మాత్రం ఎక్కువ వేగంలో, తక్కువ హెచ్చరికతో వదిలేస్తుంది. నేర్చుకునే దశలో మొదటిదే గురువు. వాన పడితే, ముఖ్యంగా ఇంటికి తిరిగి వెళ్లే దారిలో నీళ్లు నిలిస్తే, గాడులు తక్కువున్న టైర్ నీటిమీద తేలిపోతుంది. ఇంకో కారణం ఆయిల్, దాని గురించి కింద చెప్తాను.

ఇప్పుడున్నవి మంచి వేసవి టైర్లే అయితే వాటిని అరిగేదాకా ట్రాక్ మీద వాడండి. తర్వాత ట్రెడ్‌వేర్ (టైర్ ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200 తరగతివి చూడండి. యోకోహామా అడ్వాన్ ఏ052, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ లాంటివి ఆ కోవలోవి. ట్రెడ్‌వేర్ అంకెను తయారీదారులే వేస్తారు కాబట్టి, ఒక కంపెనీ 200ని ఇంకో కంపెనీ 200తో పోల్చి ఏది ఎక్కువ కాలం వస్తుందో చెప్పలేం. తయారీ తేదీ మాత్రం తప్పక చూడండి. పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2323 అంటే 2023లో 23వ వారం. తగ్గింపు ధరకు వచ్చే ట్రాక్ టైర్లు చాలాసార్లు పాతవి, గట్టిపడినవి.

ప్రెషర్ సరిచేసుకోవడానికి ఖర్చేమీ లేదు, కానీ చాలామంది వదిలేస్తారు. 20 డిగ్రీల దగ్గర 2.0 బార్ నింపిన టైర్‌లోని గాలి ట్రాక్ మీద 80 డిగ్రీలకు చేరితే ప్రెషర్ 2.6 బార్ అవుతుంది. టైర్ ఉబ్బి మధ్య భాగమే రోడ్డును తాకుతుంది, పట్టు పోతుంది, డ్రైవర్ కారుదే తప్పనుకుంటాడు. అందుకే ప్రెషర్ వేడి మీదే కొలవాలి, సెషన్ నుంచి లోపలికి రాగానే, చల్లారకముందే. టైర్ తయారీదారు చెప్పిన అంకె ఉంటే అదే పాటించండి, లేకపోతే ఇలాంటి కారుకు వేడి మీద 2.2 నుంచి 2.4 బార్ మధ్య మొదలుపెట్టి చూడండి. ప్రతి సెషన్‌కీ నాలుగు చక్రాల అంకెలూ రాసుకోండి. రోడ్డు ఎక్కే ముందు మళ్లీ మామూలు ప్రెషర్‌కి నింపడం మరవొద్దు.

మీ జాబితాలో లేనిది ఒకటి చేర్చాలి: అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సర్దడం. ఫ్యాక్టరీ సెట్టింగ్ రోడ్డు కోసం, టైర్లు సమానంగా అరగడం కోసం, తప్పు చేసిన డ్రైవర్‌ను కాపాడటం కోసం ఉంటుంది. ముందు చక్రాలకు నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) చాలా కార్లలో ఒక డిగ్రీ లోపే. మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి టైర్ తన బయటి అంచు మీద నిలబడి ఆ అంచును తినేస్తుంది. మీ ముందు టైర్ల బయటి భుజాలు గుండ్రంగా అరిగిపోయాయా చూడండి. అరిగితే సెమీ స్లిక్ వేసినా అదే అవుతుంది, ఇంకా ఖరీదుగా అవుతుంది. మీ కారుకు ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు భాగంగా ఉండే సస్పెన్షన్) ఉంటే క్యాంబర్ ప్లేట్లతో గానీ, ఎక్సెంట్రిక్ బోల్టులతో గానీ ముందు రెండు నుంచి రెండున్నర డిగ్రీల నెగటివ్ క్యాంబర్ తెచ్చుకోవచ్చు. వెనక దానికంటే కాస్త తక్కువ. ముందు టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా దగ్గర, వెనక కొద్దిగా లోపలికి. రోజూ రోడ్డు మీద తిరిగినా ఈ క్యాంబర్‌తో టైర్ లోపలి అంచు అనుకున్నంత వేగంగా అరగదు. అరగదీసేది ఎక్కువగా తప్పుడు టో.

ఎంత క్యాంబర్ చాలో టైర్నే అడగాలి. గుచ్చి కొలిచే పైరోమీటర్‌తో లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఉష్ణోగ్రతలు తీసుకోండి. దూరం నుంచి చూపించి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ పరికరం పై పొరనే చదువుతుంది, పిట్ లేన్‌లోకి వచ్చేలోపే ఆ పొర చల్లారిపోతుంది. లోపలి అంచు బయటిదానికంటే కొద్దిగా వేడిగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. బయటి అంచే ఎక్కువ వేడెక్కితే క్యాంబర్ ఇంకా కావాలి. మధ్య మాత్రమే వేడిగా ఉంటే ప్రెషర్ ఎక్కువైనట్టు.

ఆయిల్ గురించి చెప్తానన్నాను కదా. సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) అడుగున నిలిచే ఆయిల్ పొడవైన మలుపులో ఒక పక్కకు చేరిపోతుంది. పీల్చే గొట్టం దగ్గర ఆయిల్ లేకపోతే పంపు గాలిని లాగుతుంది, ఆ క్షణంలో బేరింగ్‌లకు నూనె అందదు. టైర్ల పట్టు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. రోడ్డు టైర్ల మీద ఏళ్ల తరబడి బాగా నడిచిన ఇంజిన్ జిగురు టైర్లు వేసిన ఏడాదిలో బేరింగ్ పోగొట్టుకోవడానికి కారణం ఇదే. సెమీ స్లిక్ కొనే ముందు మీ ఇంజిన్‌కి ఈ బలహీనత ఉందేమో ఆ ఇంజిన్‌ను విప్పి కట్టిన మెకానిక్‌ను అడగండి. ఉంటే అడ్డుగోడలున్న సంప్ ముందు, టైర్లు తర్వాత. ఈలోగా ఆయిల్ లెవెల్ గరిష్ఠ గీత దగ్గర ఉంచండి, ఆయిల్ ఉష్ణోగ్రత, ప్రెషర్ చూపించే గేజ్ పెట్టించండి. 120 డిగ్రీలు ట్రాక్ మీద మామూలే. 130 దాటి ఎక్కుతూనే ఉంటే నెమ్మదించి ఒక ల్యాప్ చల్లార్చండి. ప్రతిసారీ అలాగే అవుతుంటే ఆయిల్ కూలర్ కావాలి. పెట్రోల్ ట్యాంక్‌లోనూ ఇదే జరుగుతుంది. పావు ట్యాంక్ కంటే తగ్గితే కొన్ని కార్లు మలుపుల్లో తడబడతాయి. టర్బో ఇంజిన్‌కు అలాంటి చోట గాలిలో కలిసే పెట్రోల్ తగ్గి మిశ్రమం పలచబడటం చాలా చెడ్డది.

ఇన్‌స్ట్రక్టర్‌ను మీరు జాబితాలో రాయలేదు. సంకోచం లేకుండా చెప్తున్నాను, బ్రేకుల తర్వాత మీ డబ్బుకు ఇంతకంటే మంచి చోటు లేదు. పక్క సీట్లో కూర్చున్న అనుభవజ్ఞుడు ఒక రోజులో తగ్గించగలిగిన టైమ్‌ను ఏ ఎగ్జాస్టూ తగ్గించలేదు. దానికి తోడు ఒక జీపీఎస్ లాగర్ కొనండి. మామూలుగా ఫోన్ తన స్థానాన్ని సెకనుకు ఒకసారి గుర్తిస్తుంది, 200 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులో మీరు 55 మీటర్లు దాటేస్తారు. సెకనుకు కనీసం పదిసార్లు చదివే పరికరం కావాలి. చూడాల్సినవి మొదట్లో రెండే: ప్రతి మలుపులో మీ కనిష్ఠ వేగం ఎంత, మలుపు మధ్య నుంచి యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా ఆనడానికి ఎంతసేపు పడుతోంది. మీ ల్యాపుల మధ్య రెండేసి సెకన్ల తేడా ఉంటే, కొత్తగా వేసిన సామాను పనిచేసిందో లేదో తెలుసుకునే మార్గమే ఉండదు. అరసెకను తేడాకి దిగాక కొన్నదాని విలువ మీకే కనిపిస్తుంది.

సీటు, బెల్టుల విషయంలో కొంచెం కఠినంగా మాట్లాడతాను. మలుపుల్లో స్టీరింగ్ పట్టుకుని వేలాడకుండా కూర్చోబెట్టే సీటు నిజంగా ఉపయోగం. కానీ రోల్ బార్ (కారు తలకిందులైనా లోపలివాళ్లను కాపాడే ఉక్కు చట్రం) లేని కారులో, మామూలు సీటు మీద నాలుగు పాయింట్ల హార్నెస్ (రేసింగ్ బెల్టు) బిగించుకోవడం ప్రమాదం. ఎదురుగా గుద్దుకుంటే నడుము బెల్టు పొట్ట మీదకి జారి శరీరం కిందినుంచి జారిపోతుంది, ఆ బెల్టుకి కాళ్ల మధ్య పట్టీ ఉండదు. భుజాలు కదలకుండా ఉండి తల ఒక్కటే ముందుకు విసురుకుంటే మెడ పరిస్థితి ఊహించుకోండి. అందుకే తల, మెడను పట్టి ఉంచే హాన్స్ లాంటి పరికరం లేకుండా హార్నెస్ వాడకూడదు. కారు తలకిందులై పైకప్పు నలిగితే, నిటారుగా కట్టేసిన మనిషి వంగడానికి కూడా వీలుండదు. సీటు, ఆరు పాయింట్ల హార్నెస్, రోల్ బార్, హాన్స్, అన్నీ కలిపి ఒక వ్యవస్థ. పూర్తిగా చేయలేకపోతే ఫ్యాక్టరీ బెల్టు, ఎయిర్‌బ్యాగ్‌లతోనే ఉండండి, అవి ఒకదానికొకటి సరిపోయేలా పరీక్షించి చేసినవి. హెల్మెట్ కార్ల కోసం చేసిన స్నెల్ ఎస్‌ఏ శ్రేణిది తీసుకోండి. మోటార్‌సైకిల్ వాళ్ల ఎం శ్రేణికి నిప్పును తట్టుకునే పరీక్ష ఉండదు.

కాయిల్‌ఓవర్ల మీద నా అభిప్రాయం: మంచివి కొనగలిగేదాకా ఆగండి. చవక కాయిల్‌ఓవర్ ఎత్తు సర్దుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. స్ప్రింగ్ గట్టిగా ఉండి డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) దాన్ని అదుపు చేయలేకపోతే ఎగుడుదిగుడు మలుపులో టైర్ రోడ్డును వదిలి వదిలి పట్టుకుంటుంది, ఫ్యాక్టరీ సస్పెన్షన్ కంటే నెమ్మదిగా వెళ్తారు. కారును మరీ కిందికి దించడమూ తప్పే. స్ట్రట్ సస్పెన్షన్‌లో బాగా దించితే కింది ఆర్మ్ వాలు తిరగబడుతుంది, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది, ఫలితంగా గట్టి స్ప్రింగ్ వేసినా కారు ఒరగడం అనుకున్నంత తగ్గదు. పైగా బంప్ స్టాప్ (సస్పెన్షన్ కదలిక చివర ఉండే రబ్బరు అడ్డు) మీద కూర్చుంటుంది. రోజూ తిరిగే కారుకు 15, 20 మిల్లీమీటర్లు చాలు. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన కారైతే ముందు పాత డ్యాంపర్లు, బుష్‌లు మార్చి చూడండి. చాలామందికి అక్కడితోనే సరిపోతుంది. కాయిల్‌ఓవర్లు వేసిన రోజున మీ బరువును సీట్లో ఉంచి నాలుగు చక్రాల మీద బరువు సర్దించుకోవాలి. అది చేయని షాపులో పని ఇవ్వొద్దు.

వెనక రెండు చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్ గురించి ఒక్క ముక్క. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు లోపలి వెనక చక్రం ఒంటరిగా తిరిగిపోతుంటే, మీ కారుకు లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) లేనట్టు. వెనక చక్రాల టర్బో కారుకు 50 హార్స్‌పవర్ అదనం కంటే అది విలువైనది. ఉన్న పవర్‌ను నేలకు చేర్చేది అదే.

ఇక రీమ్యాప్. టర్బో కారులో పవర్ సులువుగా వస్తుంది, అందులో అబద్ధం లేదు. అయితే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద చూపించే అంకె ఒక్క లాగుడులో వచ్చింది. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు వరసగా నడిపితే టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ వేడితో నిండిపోతుంది, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటం) రాకుండా ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. నాలుగో ల్యాప్‌కి మీరు కొన్న పవర్ మిగలదు, వేడి మాత్రం మిగులుతుంది. పెద్ద కంపెనీలకే ఇది సులువు కాలేదు. 2015లో 650 హార్స్‌పవర్‌తో వచ్చిన కార్వెట్ జడ్06 ట్రాక్ మీద వేడెక్కి పవర్ తగ్గించుకుంటోందని ఎందరో యజమానులు ఫిర్యాదు చేశారు. 2017 మోడల్‌కు షెవర్లే బానెట్ వెంట్లను, సూపర్‌ఛార్జర్ మూతను మార్చింది. కాబట్టి మీ క్రమం ఇలా ఉండాలి: ముందు పెద్ద ఇంటర్‌కూలర్, అవసరమైతే ఆయిల్ కూలర్, ఆ తర్వాత జాగ్రత్తపరుడైన ట్యూనర్ దగ్గర మెత్తని మ్యాప్, మీకు ఎప్పుడూ దొరికే పెట్రోల్ ఆక్టేన్‌కి సరిపడేలా. ఎగ్జాస్ట్‌తో బరువు కొంత తగ్గుతుంది, శబ్దం బాగుంటుంది. చాలా ట్రాక్‌లకు శబ్ద పరిమితి ఉంది, గేటు దగ్గరే మీటర్ పెట్టి కొలుస్తారు. దాటితే ఆ రోజు ఫీజు పోయినట్టే. కొనే ముందు మీరు వెళ్లే ట్రాక్ పరిమితి కనుక్కోండి. గాలితో కారును నేలకు అదిమే వింగ్ (వెనక రెక్క), స్ప్లిట్టర్ (ముందు బంపర్ కింది పలక) గురించి ఇప్పుడు ఆలోచించకండి. ముందు స్ప్లిట్టర్ ఒక్కటే పెడితే వేగంగా వెళ్లే మలుపుల్లో వెనక భాగం తేలికైపోతుంది, అది అన్నిటికంటే చెడ్డ చోటు.

మీ ఏడాదికి నేనైతే ఇలా ఖర్చు పెడతాను. వచ్చే ట్రాక్ డేకి ముందే రేసింగ్ ఫ్లూయిడ్, ట్రాక్ ప్యాడ్లు, వీల్ బేరింగ్‌లు, బాల్ జాయింట్‌ల తనిఖీ. అదే వారంలో అలైన్‌మెంట్. ఆ రోజు ఇన్‌స్ట్రక్టర్, లాగర్. తర్వాత బ్రేకులకు గాలి దారి, ఆయిల్ గేజ్. టైర్లు అరిగినప్పుడు 200 తరగతివి. డబ్బు మిగిలితే కాయిల్‌ఓవర్ల కోసం దాచండి, వచ్చే ఏడాది మంచివి వస్తాయి. మొదట్లో తప్పనిసరైన ఈ పనులు అయ్యాక ఒకసారికి ఒకటే మార్చండి, రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి తీసి చదవండి. రోడ్డు పాలసీలు చాలావరకు ట్రాక్ మీద జరిగిన నష్టానికి డబ్బివ్వవు, రీమ్యాప్ చేసిన సంగతి దాచితే రోడ్డు మీద జరిగినదానికీ ఇబ్బంది పెట్టవచ్చు.

సెషన్ ముగిసేటప్పుడు ఆఖరి ల్యాప్‌ను బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిప్పండి. పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, గేర్‌లో ఉంచి చక్రం కింద అడ్డం పెట్టండి. చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో ఉదయం ఒకసారి, మధ్యలో ఒకసారి, ఇంటికి బయల్దేరే ముందు ఒకసారి చూడండి. నాలుగు టైర్ల వేడి ప్రెషర్లు, మూడు చోట్ల ఉష్ణోగ్రతలు, ప్యాడ్ మందం, గరిష్ఠ ఆయిల్ ఉష్ణోగ్రత, ఇవన్నీ రాసి నాకు పంపండి. స్ప్రింగ్ రేట్, డ్యాంపర్ ఎంపిక గురించి ఆ అంకెలు చూసుకుని మాట్లాడుకుందాం.